రివ్యూల్లో 88, ప్లేయర్ల దగ్గర 5: ఈ గేమ్ కన్సోల్‌లో ఇప్పుడు కొనాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఏడాదిగా ఎదురుచూస్తున్న ఓపెన్ వరల్డ్ గేమ్ విడుదలైంది. విమర్శకుల సగటు 88. ప్లేయర్ల స్కోరు 10కి 5 దగ్గర ఆగింది. పెద్ద నగరంలో అడుగుపెట్టగానే గేమ్ నత్తనడక నడుస్తోందని పీఎస్5 (సోనీ ప్లేస్టేషన్ 5) వాళ్లు గోల పెడుతున్నారు. మీ దగ్గరున్నది శక్తి ఎక్కువున్న ప్రో మోడల్ కాదు, మామూలు పీఎస్5. రివ్యూలు రాసినవాళ్లు అమ్ముడుపోయారా, ప్లేయర్లు గోరంతను కొండంత చేస్తున్నారా, ఈ వారం కొనొచ్చా అని అడిగారు.

ఈ వారం కొనకండి. రెండో ప్యాచ్ (లోపాలు సరిచేసే అప్‌డేట్) వచ్చేదాకా ఆగండి. ఆ తర్వాత మీ మోడల్ మీదే, ఆ నగరంలోనే తిరుగుతూ తీసిన వీడియో ఒకటి వెతికి చూసి నిర్ణయించుకోండి. ఇక అమ్ముడుపోవడం సంగతంటారా, నాకైతే అలా అనిపించడం లేదు. 88 ఇచ్చినవాళ్లూ, తిడుతున్నవాళ్లూ ఇద్దరూ ఉన్నదే చెబుతూ ఉండొచ్చు. వాళ్లు ఆడిన మెషీన్ వేరు, బిల్డ్ (గేమ్ వెర్షన్) వేరు, ఆడిన గంటలు వేరు.

నేను తొమ్మిదేళ్లు కన్సోల్ గేమ్‌ల టెస్టింగ్‌లో పనిచేశాను. అందులో ఎక్కువ భాగం పర్ఫార్మెన్స్ టెస్టింగే. వినడానికి గొప్పగా ఉంటుంది కానీ, చేసే పనల్లా ఒకే వీధిలో ఒకే గుర్రం మీద 40 సార్లు అటూ ఇటూ తిరిగి, ఏ మలుపు దగ్గర ఒక్కో ఫ్రేమ్ (తెర మీద పడే ఒక్కో బొమ్మ) ఎన్ని మిల్లీసెకన్లు తీసుకుందో రాసుకోవడం. కాబట్టి కథ బాగుందా, క్యారెక్టర్లు బాగున్నాయా అన్న విషయంలో నా మాటకు పెద్ద విలువ ఇవ్వకండి. ఫ్రేముల సంగతి మాత్రం చెప్పగలను.

ముందు రివ్యూ ఎలా తయారవుతుందో చూద్దాం. విడుదలకు వారం, పది రోజుల ముందు పబ్లిషర్ రివ్యూ కోడ్ పంపిస్తారు. ఫలానా రోజు ఫలానా గంట దాకా ఏమీ బయటపెట్టకూడదని ఎంబార్గో ఉంటుంది. 40, 50 గంటల గేమ్‌ను రాసేవాళ్లు నిద్ర మానుకుని ఆ కాస్త సమయంలోనే ముగించాలి. ఈలోపు "డే వన్ ప్యాచ్‌లో ఇవన్నీ సరిచేస్తున్నాం" అని ఒక మెయిల్ వస్తుంది. ఆ మాట నమ్మి కొందరు తాము చూసిన ఇబ్బందుల్ని ఒక్క వాక్యంతో సరిపెడతారు. వాళ్లను నేను తప్పుపట్టను. చాలాసార్లు ఆ ప్యాచ్ నిజంగానే వస్తుంది, నిజంగానే పనిచేస్తుంది. పనిచేయని రెండు మూడు సందర్భాలే మనకు గుర్తుండిపోతాయి.

అన్నిటికంటే ముఖ్యం, ఆ కోడ్ ఏ మెషీన్‌కి ఇచ్చారన్నది. సైబర్‌పంక్ 2077 గుర్తుందిగా? 2020 డిసెంబర్ 10న విడుదలైంది. ముందస్తు రివ్యూలకు ఇచ్చింది పీసీ వెర్షన్. పైగా తాము రికార్డ్ చేసుకున్న దృశ్యాలు చూపించకూడదన్న షరతు. తొలి రివ్యూలు పొగడ్తలతో నిండిపోయాయి. పీఎస్4, పాత ఎక్స్‌బాక్స్ వన్ ఉన్నవాళ్లు గేమ్ పెట్టుకుని చూస్తే మసక బొమ్మలు, ఆగి ఆగి నడిచే వీధులు, మధ్యలో క్రాష్‌లు. రివ్యూల సగటు లెక్కగట్టే మెటాక్రిటిక్ సైట్‌లో పీసీ వెర్షన్ 86 దగ్గర, పీఎస్4 వెర్షన్ 57 దగ్గర తేలాయి. వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసి డబ్బు వాపసు ఇచ్చింది. మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. గేమ్ ఒక్కటే, తేడా 29 మార్కులు.

అందుకని సగటు స్కోరును ప్లాట్‌ఫామ్ వారీగా విడదీసి చూడండి. మీరు చెప్పిన 88లో పీసీ రివ్యూలెన్ని, కన్సోల్ రివ్యూలెన్ని? అక్కడా ఇంకో మెలిక ఉంది. పీఎస్5 ప్రోలో ఆడి రాసిన రివ్యూ, మామూలు పీఎస్5లో ఆడి రాసిన రివ్యూ రెండూ "పీఎస్5" అనే ఒకే పద్దు కింద పడతాయి. ఎక్స్‌బాక్స్‌లో సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్‌లదీ ఇదే కథ. రివ్యూ చివర చిన్న అక్షరాల్లో "ఫలానా మెషీన్‌లో ఆడాను" అని ఉంటుంది. నేనైతే ముందు ఆ లైను చదివి, తర్వాతే పైకి వెళ్తాను.

ఇక గంటల సంగతి. 2011 నవంబర్‌లో స్కైరిమ్ వచ్చినప్పుడు పీఎస్3 వెర్షన్‌లో ఒక విచిత్రమైన జబ్బు బయటపడింది. మొదట్లో గేమ్ బాగానే నడిచేది. ఆడేకొద్దీ సేవ్ ఫైల్ లావెక్కుతుంది కదా, అది కొన్ని మెగాబైట్లు దాటాక గేమ్ ఆగి ఆగి కదలడం మొదలయ్యేది. పదుల గంటలు ఆడితే తప్ప ఈ జబ్బు కంటపడదు. పది గంటలు ఆడినవాడు "ఏ సమస్యా లేదు" అన్నా, 60 గంటలు ఆడినవాడు "ఆడలేకపోతున్నా" అన్నా ఇద్దరిదీ నిజమే.

నా చేతుల మీదుగా జరిగింది ఒకటి చెప్తాను. గేమ్ పేరు, స్టూడియో పేరు వద్దు. అందులో మూడో ప్రాంతంలో ఒక సంత ఉండేది. రాత్రిపూట, వాన పడుతుంటే, ఆ సంతలో నడిస్తే ఫ్రేమ్‌కి 16.7 మిల్లీసెకన్లు పట్టాల్సింది 27 దాకా పోయేది. అంటే సెకనుకు 60 ఫ్రేములు రావాల్సిన చోట 37. పగలు, వాన లేనప్పుడు అంతా సవ్యంగానే ఉండేది. విడుదలకు ఏడు వారాల ముందు రిపోర్ట్ చేశాను, వీడియోలు జతచేశాను. "తెలిసిన సమస్యే, విడుదల తర్వాత చూద్దాం" అని మూసేశారు. వాళ్ల బాధ వాళ్లది. అదే వారం సేవ్ ఫైళ్లు చెడిపోయే బగ్ ఒకటి దొరికింది, ఉన్న ప్రోగ్రామర్లంతా దాని మీద పడ్డారు. వాళ్ల స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి.

గేమ్ శుక్రవారం విడుదలైంది. శుక్రవారం, శనివారం పొగడ్తలే. జనం సంత దగ్గరికి చేరేసరికి ఆదివారం రాత్రయింది. సోమవారం పొద్దున నుంచి తిట్లు. ఆ రోజుల్లో మా ఆఫీసులో ఒక లెక్క ఉండేది: తిట్లు ఏ రోజు మొదలవుతాయో చూస్తే గేమ్‌లో ఏ భాగం బాగాలేదో చెప్పొచ్చు. ఇంతకీ ఆ సంత గురించి రివ్యూల్లో ఎంతమంది రాశారో తెలుసా? ముగ్గురు. మిగతావాళ్లు పగటిపూట వెళ్లి ఉంటారు!

నగరంలోనే ఎందుకు?

మీరు చూసిన వీడియోల్లో అడవిలో, కొండల్లో బాగానే ఉండి నగరంలో మాత్రమే పడిపోతోందన్నారు. నాకు ఇక్కడే అనుమానం బలపడింది. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లలో పూర్తవ్వాలి. 30 అయితే 33.3. ఆ సమయంలో సీపీయూ, జీపీయూ రెండూ తమ పని ముగించాలి. బొమ్మ గీయడం, నీడలు, వెలుగు, రిజల్యూషన్ జీపీయూ భారం. వీధిలో తిరిగే మనుషులు ఎటు వెళ్లాలి, ఎవరు ఎవర్ని గుద్దుకున్నారు, ఏ ఇంటి డేటా ఇప్పుడు లోడ్ చేయాలి, ఇవి సీపీయూ నెత్తిన పడతాయి. నగరమంటే మనుషులే కదా.

జీపీయూ చాలకపోతే మందు తేలిక. రిజల్యూషన్ దించేస్తే సరి. 2023లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 16 పర్ఫార్మెన్స్ మోడ్‌లో (బొమ్మ నాణ్యత తగ్గించి ఫ్రేములు పెంచే సెట్టింగ్) చేసిందదే. పోరాటాల్లో 60 నిలబెట్టడం కోసం రిజల్యూషన్‌ను 720పి దాకా దించేవారు. ఎవరికీ పెద్దగా పట్టలేదు, ఎందుకంటే తెర నిండా మంటలే. సీపీయూ చాలకపోతే మాత్రం రిజల్యూషన్ ఎంత దించినా ఫలితం ఉండదు. బాల్డర్స్ గేట్ 3 మూడో అంకంలో నగరంలోకి వెళ్లాక పీఎస్5 తడబడింది ఇందుకే. 2024 మార్చిలో వచ్చిన డ్రాగన్స్ డాగ్మా 2 విషయంలోనైతే, ఒక్కో క్యారెక్టర్‌కి సీపీయూ చాలా ఖర్చవుతోందని క్యాప్‌కామ్ వాళ్లే చెప్పారు.

ఏ రకం జబ్బో మీరే తేల్చుకోవచ్చు. క్వాలిటీ మోడ్ (బొమ్మ నాణ్యతకే పెద్దపీట వేసేది), పర్ఫార్మెన్స్ మోడ్ రెండూ ఒకేచోట తీసిన వీడియో చూడండి. క్వాలిటీలో 30 నిలకడగా ఉండి, పర్ఫార్మెన్స్‌లో నగరం రాగానే 40కి పడిపోతూ, బొమ్మ మసకబారినా అంకె పెరగకపోతుంటే అది దాదాపు సీపీయూ సమస్యే. అలాంటివి రెండు వారాల్లో పోవు. ప్రో కొంటే పోతుందనుకోవద్దు. 2024 నవంబర్‌లో వచ్చిన పీఎస్5 ప్రోలో జీపీయూ బాగా పెరిగింది గానీ, సీపీయూ పాత కుటుంబానిదే, వేగం మహా అయితే 10 శాతం ఎక్కువ.

సగటు ఫ్రేమ్ రేట్ అంకెను కూడా అంతగా నమ్మకండి. "సగటు 57" అని రాసిన గేమ్ వెన్నలా ఉండొచ్చు, లేదా ప్రతి పది సెకన్లకోసారి గుటకేసినట్టు ఆగి కదలొచ్చు. ఒక్క ఫ్రేమ్ 100 మిల్లీసెకన్లు పట్టిందంటే సగటులో అది కనపడదు, చేతికి మాత్రం తెలుస్తుంది. మామూలు 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు తెర మారే) టీవీలో 45 ఫ్రేములంటే కొన్ని ఫ్రేములు ఒక విడత, కొన్ని రెండు విడతలు తెర మీద నిలుస్తాయి, కంటికి అదే కుదుపులా అనిపిస్తుంది. నాకైతే 40కీ 60కీ మధ్య ఊగే గేమ్ కంటే నిలకడైన 30 మేలు. ఈ మాటన్నందుకు నన్ను తిట్టినవాళ్లు చాలామంది ఉన్నారు.

అందుకే గేమ్‌ల ఫ్రేములు కొలిచి చూపించే డిజిటల్ ఫౌండ్రీ లాంటి చోట్ల అంకె కింద గ్రాఫ్ గీత కూడా వేసి చూపిస్తారు. మీరు చూడాల్సింది ఆ గీతనే. అది చదునుగా ఉందా, రంపం పళ్లలా ఉందా అన్నదే విషయం.

మధ్యలో ఇంకో మాట. "ఇంత ఘోరంగా ఉంటే సోనీ ఎలా ఒప్పుకుంది?" అని మీ ప్రశ్న కింద ఎవరో రాశారు. సర్టిఫికేషన్‌లో, అంటే విడుదలకు ముందు కన్సోల్ కంపెనీ చేసే పరీక్షలో, ప్రధానంగా చూసేవి వేరు: గేమ్ క్రాష్ అవుతోందా, సేవ్ సరిగ్గా పడుతోందా, కంట్రోలర్ ఊడిపోతే ఏమవుతుంది, ట్రోఫీలు వస్తున్నాయా లాంటివి. ఇన్ని ఫ్రేములు వచ్చి తీరాలన్న నియమం అందులో లేదు.

ప్లేయర్ల కోపాన్ని చదవడం ఎలా

ప్లేయర్ల స్కోరు 5 అన్నంత మాత్రాన గేమ్ సగం పాడైందని కాదు. జనం సాధారణంగా 5 వేయరు. సున్నాలూ పదులూ వేస్తారు, వాటి సగటు 5 అవుతుంది. అందుకే అంకెను వదిలేసి మాటలు చదవాలి.

2020 జూన్‌లో ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 విమర్శకుల సగటు 93. ప్లేయర్ల స్కోరేమో విడుదలైన కొన్ని గంటల్లోనే 10కి 4 కంటే కిందికి పోయింది. ఆ కథ పూర్తవ్వాలంటే 20 గంటలకు పైగా పడుతుంది. అంటే ఆడకుండానే వేసిన ఓట్లే ఎక్కువ. దాని తర్వాతే మెటాక్రిటిక్ కొత్త గేమ్‌లకు ప్లేయర్ రివ్యూలను మొదటి 36 గంటలు ఆపడం మొదలుపెట్టింది. అలాగని మూకుమ్మడి తిట్లన్నీ వృథా అనుకోకండి. 2024 మేలో హెల్‌డైవర్స్ 2 పీసీ వాళ్లకు పీఎస్ఎన్ (సోనీ ఆన్‌లైన్ నెట్‌వర్క్) ఖాతా తప్పనిసరి అన్నప్పుడు, పీసీ గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో 2 లక్షలకు పైగా నెగటివ్ రివ్యూలు పడ్డాయి, కొద్ది రోజుల్లోనే సోనీ ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. కోపం న్యాయమైనదే. కాకపోతే గేమ్ ఎలా నడుస్తుందో తెలుసుకోవాలని వచ్చినవాడికి ఆ 2 లక్షల రివ్యూల్లో దొరికేది ఏమీ లేదు.

నేను కామెంట్లు చదివేటప్పుడు మనసులోనే కుప్పలు పోస్తాను. కథ నచ్చనివాళ్లు ఒక కుప్ప. ధర మీద, గేమ్ లోపల అమ్మే వస్తువుల మీద కోపం ఉన్నవాళ్లు ఇంకో కుప్ప. డ్రాగన్స్ డాగ్మా 2 మొదటి రోజు ఈ కుప్ప, ఫ్రేముల కుప్ప రెండూ కలిసిపోయి, ఏ తిట్టు దేనికో తెలియకుండా పోయింది. పీసీ వాళ్ల షేడర్ స్టట్టర్ (వెలుగునీడలు గీసే చిన్న ప్రోగ్రాములు ఆట మధ్యలో సిద్ధమవుతూ గేమ్‌ను ఆపేయడం) గొడవ మరో కుప్ప. కన్సోల్‌లో అందరి హార్డ్‌వేర్ ఒకటే కాబట్టి షేడర్లు ముందే సిద్ధం చేసి పంపిస్తారు. ఆ గొడవ మీకు దాదాపు వర్తించదు, దాన్ని చూసి టెన్షన్ పడకండి. ఇవన్నీ తీసేశాక మిగిలినవే మీకు పనికొచ్చేవి.

వాటిలోనూ "అన్‌ప్లేయబుల్" అన్న మాట కనపడితే నేను దాటేస్తాను. 55 ఫ్రేములు వచ్చినా అదే మాట, గేమ్ తెరుచుకోకపోయినా అదే మాట. "మామూలు పీఎస్5, పర్ఫార్మెన్స్ మోడ్, రెండో ప్యాచ్, నగరం ఉత్తర ద్వారం దగ్గర గుర్రం మీద వెళ్తుంటే ఆగిపోతోంది" అని ఒక్కరు రాశారనుకోండి, అది వంద తిట్లకు సమానం. అలాంటివి నాలుగు, ఒకే చోటు గురించి, ఒకరికొకరు తెలియనివాళ్లు రాసినవి దొరికితే సమస్య నూటికి నూరుపాళ్లూ నిజమే.

తప్పు మన ఇంట్లోనూ ఉండొచ్చు. ఒకసారి నేనే ఒక గేమ్ గురించి పెద్ద ఫిర్యాదు రాశాను. బటన్ నొక్కితే క్యారెక్టర్ ఆలస్యంగా కదులుతున్నాడని, పర్ఫార్మెన్స్ టెస్టర్‌నన్న అహంకారంతో మిల్లీసెకన్లు కూడా అంచనా వేసి మరీ రాశాను. తీరా చూస్తే టీవీ అప్‌డేట్ తర్వాత గేమ్ మోడ్ ఆగిపోయి, బొమ్మను నునుపు చేసే సెట్టింగ్ ఆన్ అయి ఉంది. ఆ పోస్ట్‌ను నేను తీసేసేలోపే 200 మంది "అవును, మాకూ అంతే" అన్నారు. వాళ్లందరి టీవీలూ పాడయ్యాయంటారా? కాదు. ఎవరైనా గట్టిగా చెప్తే మనకూ అలాగే అనిపిస్తుంది. అప్పటినుంచి "మాకూ అంతే"లను నేను లెక్కలోకి తీసుకోను.

ఆగితే బాగుపడుతుందా?

చాలావరకు బాగుపడుతుంది, ఎప్పుడన్నదే చెప్పలేం. స్టార్ వార్స్ జెడై సర్వైవర్ 2023 ఏప్రిల్‌లో వచ్చింది, పర్ఫార్మెన్స్ మోడ్ పేరుకే. సెప్టెంబర్ ప్యాచ్‌లో ఆ మోడ్ నుంచి రే ట్రేసింగ్ (వెలుగును నిజంలా లెక్కగట్టే, బరువైన పద్ధతి) తీసేశారు, 60 నిలబడింది. ఐదు నెలలు పట్టింది. స్టార్‌ఫీల్డ్ 2023 సెప్టెంబర్‌లో సిరీస్ ఎక్స్‌లో 30తోనే వచ్చింది, 60 ఆప్షన్ 2024 మేలో ఇచ్చారు. పోకెమాన్ స్కార్లెట్, వయొలెట్ 2022 నవంబర్‌లో స్విచ్ మీద ఈడ్చుకుంటూ నడిచాయి, అయినా మూడు రోజుల్లో కోటి కాపీలు అమ్ముడయ్యాయి. అవి సాఫీగా 60లో నడిచింది 2025 జూన్‌లో స్విచ్ 2 వచ్చాకే. అంత అమ్ముడైన దాన్ని బాగుచేయాలన్న తొందర ఎవరికుంటుంది చెప్పండి.

మీ గేమ్ విషయంలో మొదటి ప్యాచ్ క్రాష్‌ల కోసమే ఉంటుంది, ఎప్పుడూ అంతే. ఫ్రేముల పని రెండో దాంట్లోనో మూడో దాంట్లోనో కనిపిస్తుంది. ప్యాచ్ నోట్స్‌లో "పర్ఫార్మెన్స్ మెరుగుపరిచాం" అని మాత్రమే ఉంటే పెద్దగా ఆశపడకండి. "నగరంలో జనసాంద్రత సర్దుబాటు చేశాం" అనో, "30కి పరిమితం చేసే ఆప్షన్ ఇచ్చాం" అనో ఉంటే ఎవరో నిజంగా కూర్చుని పనిచేశారని అర్థం.

కన్సోల్ వాళ్లు ఆగాలని నేను అంత గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం రీఫండ్. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల లోపు ఆడి ఉంటే మామూలుగా డబ్బు వెనక్కి ఇస్తారు. ప్లేస్టేషన్ స్టోర్‌లో డౌన్‌లోడ్ మొదలుపెడితే, గేమ్‌లో లోపముందని తేలితే తప్ప, రీఫండ్ దారి మూసుకుపోయినట్టే. అందుకని ప్రీ-ఆర్డర్ చేసినా ఆటో డౌన్‌లోడ్ ఆపేసి ఉంచుకోండి. డిస్క్ అయితే మళ్లీ అమ్ముకోవచ్చు. డెమో ఉంటే ఆడండి గానీ, డెమో అంటే దాదాపు ఎప్పుడూ గేమ్ మొదటి రెండు గంటలే, స్టూడియో అన్నిటికంటే ఎక్కువ మెరుగుపెట్టిన భాగమే. నగరం అందులో ఉండదు.

ఇవన్నీ విన్నాక కూడా ఆగలేకపోతే (నాకూ ఆ బలహీనత ఉంది), కొన్నాక ఇవి చేయండి. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి. 30, 60 రెండు మోడ్‌లలోనూ నగరంలో పది నిమిషాలు నడిచి, ఏది కుదుపు లేకుండా ఉందో అదే ఉంచుకోండి, అంకె చూడకండి. కొన్నిసార్లు పాత తరం వెర్షన్ కాపాడుతుంది. 2022లో ఎల్డెన్ రింగ్‌కి పీఎస్5 వెర్షన్ ఊగిసలాడుతుంటే, చాలామంది పీఎస్4 వెర్షన్‌నే పీఎస్5లో పెట్టుకుని నిలకడగా 60లో ఆడుకున్నారు. మీ గేమ్‌కి పీఎస్4 వెర్షన్ లేదు కాబట్టి ఆ దారి లేదనుకోండి.

మీ టీవీ ఏమిటో మీరు రాయలేదు. అది 120 హెర్ట్జ్‌ది, వీఆర్ఆర్ (గేమ్ ఫ్రేములకు తగ్గట్టు టీవీ తన వేగాన్ని మార్చుకునే సదుపాయం) ఉన్నది అయితే నా సమాధానం కొంచెం మారుతుంది. పీఎస్5లో వీఆర్ఆర్ 48 నుంచి 120 మధ్య పనిచేస్తుంది. నగరంలో అంకె 50 దగ్గర ఊగుతుంటే మీకు తేడా దాదాపు తెలియదు, 48 కిందికి జారితే మాత్రం మళ్లీ కుదుపు కనపడుతుంది. గేమ్‌లో 40 ఫ్రేముల మోడ్ ఇచ్చి ఉంటే ఇంకా మంచిది, ఫ్రేమ్‌కి 25 మిల్లీసెకన్లు అంటే 30కీ 60కీ సరిగ్గా మధ్యలో ఉంటుంది. టీవీ మోడల్ కింద రాయండి, ఆ నగరం వీడియోల్లో మీకు సరిపోయేది ఏదో నేనూ చూసి చెప్తాను.